వల దాటిన పిల్ల

భావనపాడు దగ్గర మత్స్యకారుల ఊళ్లో మా చెల్లెలు ఎలిమెంటరీ స్కూలు టీచరు. నేను వెళ్లిన రోజు మూడో తరగతి పిల్ల ఒకతె బడికి రాలేదు. బడికొస్తూ ఇసుకలో ఆరేసిన వలను దాటిందట. మర్నాడు వాళ్ల నాన్నకు చేపలు పడలేదు. ఆడపిల్ల వల దాటితే చేపలు పడవని నాయనమ్మ బడి మాన్పించేసింది.

వేదికలెక్కి మూఢనమ్మకాలను దులిపేవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆవిడను నిలదీస్తానన్నాను.

"నువ్వు వాదించి గెలిసేత్తావు అన్నయ్యా. పిల్ల మాత్రం ఇంట్లోనే ఉండిపోతాది," అంది చెల్లెలు.

ఏ ఇంటికి ఎన్ని గంపల చేపలు వచ్చాయో పిల్లలు రోజూ తరగతి గోడమీద సుద్దతో గీతలు గీస్తారు. ఆమె లెక్కల పాఠం అదే. సాయంత్రం నాయనమ్మను పిలిచి ఆ గోడ చూపించింది. పిల్ల నాన్నకు చేపలు పడని రోజు ఒక్క ఇంటికీ గీత లేదు.

"ఊరందరి వలలూ నా మనవరాలే దాటీసిందేటి?" అంది ముసలమ్మ.

"నువ్వే సెప్పు పెద్దమ్మా."

"ఏటి సెప్పను టీచరమ్మా. ఇంట్లో కూకుని నా బుర్ర తినేత్తంది. రేపు పంపిత్తాను."

మర్నాడు ఆ పిల్ల వచ్చి, పలక కింద పెట్టకుండానే తన ఇంటికి రెండు గీతలు గీసింది.