చవితినాటి పచ్చిపాలు

పాములు పాలు తాగవు. ఈ సంగతి గుంటూరులో తొమ్మిదో తరగతి పిల్లలకు అయిదేళ్ళపాటు ఏటా చెప్పినదాన్ని నేను. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి బడిలో సైన్సు టీచరుగా ఉండేదాన్ని. "మరి మా అమ్మమ్మ పోస్తే తాగింది టీచర్" అని ఏడాదికి ఒకడైనా లేచేవాడు. "తాగింది పిల్లి అయ్యుంటుంది, కూర్చో" అనేదాన్ని. క్లాసంతా నవ్వేది. తెలిసినదాన్నన్న గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పెళ్ళయ్యాక అరిజోనాలోని చాండ్లర్‌కి వచ్చాను. మా ఆయన చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. నాలుగేళ్ళలో మూడు గర్భాలు నిలిచినట్టే నిలిచి పోయాయి. మూడోది పోయాక మా రెండో బెడ్‌రూమ్ తలుపు మూసే ఉంచేవాళ్ళం. ఆ గది ఎవరికోసమో ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ పైకి అనేవాళ్ళం కాదు. అత్తగారు మాత్రం ప్రతి ఆదివారం ఫోన్లో అనేవారు. నా జాతకంలో సర్పదోషం ఉందని ఎవరో సిద్ధాంతి చెప్పాడట, ఏ జన్మలోనో పామును చంపానట. "ఈ జన్మలో నాకు దోమను చంపడమే చేతకాదండీ" అన్నాను ఒకసారి. ఆవిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల హాయిగా గడిచింది.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వారానికి రెండు ఉదయాలు జంతువుల షెల్టర్‌కి వెళ్ళేదాన్ని. జీతం లేని పని. కుక్కల దగ్గరికి అందరూ ఎగబడేవారు, కొత్తదాన్ని కాబట్టి పాముల గది నాకు పడింది. నీళ్ళ గిన్నెలు కడగడం, కింద పరిచిన కాగితాలు మార్చడం. ఆ ఆగస్టులో ఒక బాల్ పైతాన్ వచ్చింది. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ అది, విషం ఉండదు. ఎవరో స్టూడెంట్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అక్కడే వదిలేసి పోయాడు. ఏసీ ఆపేసిన ఇంట్లో రెండు రోజులుంది. ఒళ్ళంతా ఎండిపోయి, వెన్నెముక పైకి తేలి కనిపించేది. ఎవరైనా దగ్గరికొస్తే తలను మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుపోయేది. నెల రోజులైనా దాన్ని పెంచుకుంటామని ఒక్కరూ రాలేదు. నేను తీసుకెళ్తానన్నాను. నా చేతుల్లో ఒక్క ప్రాణమైనా నిలబడాలని ఉండేది, అంతే. దోషం కోసం కాదు. ఆ మాట తర్వాత చాలామందికి చెప్పాల్సి వచ్చింది.

"వేరే ఏదీ దొరకలేదా నీకు?" అన్నాడు మా ఆయన. "కుక్కపిల్లో, చేపలో..."

"అడక్కుండా ఉండగలిగితే ఉండండి. ఈ ఒక్కసారికి" అన్నాను.

నా మొహం చూశాడు. మూసి ఉన్న గది తలుపు అతనే తీశాడు.

షెల్టర్‌లో పాముల పని చూసేది ఒక పెద్దావిడ, అమెరికన్. గాజు పెట్టెను కారు దాకా మోసుకొచ్చి, డిక్కీ దగ్గర నన్ను నిలబెట్టి పాఠం చెప్పింది. పెట్టెలో ఒక వైపు వెచ్చగా, ఒక వైపు చల్లగా ఉండాలి. రెండు వైపులా దాక్కోవడానికి చోటుండాలి. బయటి కదలికలు కనబడకుండా మూడు పక్కలా గాజుకు కాగితం అంటించాలి. తినడం మొదలుపెట్టేదాకా, వారానికోసారి తూకానికి తప్ప ముట్టుకోకూడదు. "చలి తగలనివ్వకు, తడిగా ఉంచకు, పొగ అసలు పడదు. దాని ఊపిరితిత్తులు చాలా సున్నితం. ఇప్పుడు ఒంట్లో బలం కూడా లేదు" అంది. అన్నీ రాసుకున్నాను. అగరుబత్తీలు వెలిగించే దేవుడి గూడును హాల్లోంచి వంటింట్లోకి మార్చాను. థర్మామీటర్లు రెండు పెట్టాను. మా ఆయన కూడా తనకు తెలియకుండానే అందులో పడ్డాడు, ఆఫీస్ నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా టెంపరేచర్ చూసేవాడు.

తిండి దగ్గరే వచ్చింది చిక్కు. మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ఫ్రీజర్‌లో కరివేపాకు, కొబ్బరికోరు పక్కన గడ్డకట్టిన ఎలుకలు పెట్టాను, మూడు కవర్లు చుట్టి. ఒక పాత గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి, ఎలుకను అందులో నానబెట్టి, పట్టకారుతో పట్టుకుని పాము ముందు ఆడించాలి. మొదటిసారి వాంతి చేసుకున్నాను. రెండోసారి కళ్ళు మూసుకున్నాను. అది మాత్రం తలైనా ఎత్తలేదు. వారం తర్వాత మళ్ళీ, ఆ పై వారం మళ్ళీ. వంటింటి త్రాసు మీద తూస్తే ప్రతిసారీ కొంచెం తగ్గేది. "ఇది ఇల్లా, శవాల గదా?" అని మా ఆయన విసుక్కుంటూనే, అది తినని ఎలుకలను చెత్తకుండీ దాకా మోసుకెళ్ళేవాడు.

అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం తిన్నది. చటుక్కున పట్టుకుని చుట్టేసింది, నా చేతిలోంచి పట్టకారు ఎగిరిపోయింది. నేను కార్పెట్ మీద చతికిలబడి పెద్దగా ఏడ్చాను. షెల్టర్ పెద్దావిడకు ఫోన్ చేస్తే అటునుంచి ఆవిడ సంతోషంతో కేక పెట్టింది. "ఇక మీ ఇల్లు తనదే అనుకుంటోంది. ఇంకో నెల కదిలించకుండా వదిలెయ్" అంది.

ఆ వారంలోనే నాకు నెల తప్పిందని తెలిసింది. నాలుగోసారి. ఆరో వారంలో స్కాన్ తీస్తే గుండె కొట్టుకోవడం కనిపించింది. మా ఆయన ఆనందం పట్టలేక వాళ్ళమ్మకు చెప్పేశాడు. చెప్పొద్దన్నాను, చెప్పేశాడు. ఆవిడ ఆ రోజే నాకు ఫోన్ చేశారు. ఈసారి గొంతులో కోపం లేదు, అది ఇంకా భయపెట్టింది.

"చూడమ్మా, నువ్వు నమ్మవని తెలుసు. దీపావళి వెళ్ళిన నాలుగో రోజు నాగులచవితి. ఊళ్ళో వాళ్ళు పుట్ట ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతారు. నీ ఇంటికి ఆయనే నడిచొచ్చాడు. ఇంట్లో పెట్టుకుని కూడా పాలు పొయ్యకపోతే, రేపు ఏదైనా జరిగితే, నిన్ను నువ్వు క్షమించుకోగలవా?"

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. పొయ్యకపోతే, బిడ్డ పోతే, పొయ్యనందుకే పోయిందేమో అని బతికినంతకాలం అనుకుంటాను. పోస్తే ఏమవుతుందో చదువుకున్నదాన్ని, తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొంచెమే పోస్తే ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లాడెవడైనా ఆ మాట అంటే బెంచీ ఎక్కించేదాన్ని.

పక్క అపార్ట్‌మెంట్‌లో కాకినాడ ఆంటీ ఉండేవారు. మంచి మనిషి. మూడుసార్లూ నాకు పథ్యం వండి తెచ్చింది ఆవిడే. పామును తెచ్చినప్పటినుంచీ "సుబ్బారాయుడు ఎలా ఉన్నారమ్మా?" అని గుమ్మంలోంచే దణ్ణం పెట్టి పోయేవారు. చవితినాడు పొద్దున్నే తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, చలిమిడి, నువ్వుల చిమ్మిలి పళ్ళెంలో పెట్టుకుని వచ్చారు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు. సాంబ్రాణి పొగకు అలారం మోగుతుందని ఆంటీ చెప్తే కుర్చీ ఎక్కి స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ నేనే తీశాను. పొగ బయటికి పోతే కంప్లైంట్ చేస్తారని కిటికీ మూశాను. పాము గదిలో సాంబ్రాణి వేశాం.

ఫ్రిజ్‌లోంచి పాల గాలన్ తీసి, "కాస్త గోరువెచ్చగా చేస్తాను ఆంటీ, చల్లగా ఉంటే దానికి పడదు" అన్నాను.

"అయ్యో, కాచకూడదమ్మా! పచ్చిపాలే పొయ్యాలి. చవితినాడు పొయ్యి ఎక్కినదేదీ ఆయనకి పనికిరాదు" అన్నారు.

ఆ గాలన్ పాలు ఫ్యాక్టరీలో ఎప్పుడో కాచినవే. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేదు. దోషానికి దోషం తోడవుతుందేమోనని నోరు మూసుకున్నాను. పెట్టె మూత తీసింది నేను. అది దాక్కోవడానికి బోర్లించిన చిప్పను ఎత్తి పక్కన పెట్టింది నేను. ఆంటీ పసుపు చల్లారు. నేను గ్లాసుతో పాలు దాని మీద పోశాను. చేతికే జిల్లుమన్నాయి. అది ఒక్కసారి వణికినట్టు కదిలి, తల లోపలికి దాచుకుని ఉండ చుట్టుకుంది.

"చూశావా, తల వంచి స్వీకరించాడు" అన్నారు ఆంటీ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకూ వచ్చాయి. నేను నమ్మలేదని చెప్తే అబద్ధం. ఆ క్షణంలో నమ్మాను, గట్టిగా నమ్మాను.

నివేదన పెట్టాక వెంటనే కదిలించకూడదన్నారు. హాల్లో కూర్చున్నాం. ఆంటీ ఊరినుంచి పొట్లంలో తెచ్చుకున్న పుట్టమన్ను నా చెవులకు రాశారు. గంట సేపు పిల్లల పేర్ల గురించి మాట్లాడుకున్నాం. ఆవిడ వెళ్ళాక పరిగెత్తుకుంటూ పోయి పామును తుడిచాను, పెట్టె కడిగాను, కాగితం మార్చాను, కిటికీ తెరిచాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. గంట సేపు అది చల్లటి పాలలో, పొగలో ఉంది. ఆ గంట నాదే.

నాలుగో రోజు ముక్కు దగ్గర చిన్న బుడగ కనిపించింది. మర్నాడు మెడ నిక్కించి నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. సన్నగా ఈల వినిపించేది. పాముల డాక్టర్ ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ అని, మూడు రోజులకొక ఇంజెక్షన్ రాసింది. "తడిసిందా? చలి తగిలిందా?" అని అడిగితే, "తెలీదు" అన్నాను. ఇంజెక్షన్లు నేనే చేశాను. దాని ఊపిరి వింటూ నా పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆ గదిలోనే కూర్చునేదాన్ని. అది బతికితే ఇదీ బతుకుతుంది. ఇలా మొక్కుకున్నది నేనే, ఎమ్మెస్సీ చదివినదాన్నే.  ఒకసారి మా ఆయన గుమ్మంలో నిలబడి "దానికేమైనా అయితే అమ్మకు చెప్పకు" అన్నాడు. అతనికీ భయమే.

చవితి వెళ్ళిన రెండు వారాలకు, పొద్దున్నే, వెచ్చగా ఉండే వైపు కాకుండా నీళ్ళ గిన్నె పక్కన చాచుకుని పడి ఉంది. అది అంత పొడవు ఉంటుందని అప్పుడే చూశాను. బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎప్పుడూ చుట్టుకునే ఉంది.

మూడు రోజులకు నా స్కాన్. టెక్నీషియన్ మాట్లాడటం ఆపేసింది. మూడుసార్లు చూసినదాన్ని, నాకు ఇక చెప్పక్కర్లేదు. డాక్టర్ వచ్చి కొలతలు చూసి, ఎదుగుదల సుమారు మూడు వారాల క్రితమే ఆగిపోయిందన్నాడు. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను టేబుల్ మీద పడుకునే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఒకసారి, ఇంకోసారి. దీపావళి అటూ ఇటూ. అప్పటికి చవితి ఇంకా రాలేదు.

అత్తగారికి మా ఆయన ఏం చెప్పాడో అడగలేదు. పది రోజులకు గాజు పెట్టె తిరిగిచ్చేద్దామని షెల్టర్‌కి డ్రైవ్ చేశాను. అప్పటిదాకా పెద్దావిడ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ "బాగా అలవాటు పడింది" అని అబద్ధం చెప్పాను. ఖాళీ పెట్టె చూసి ఆవిడ మొహం మారిపోయింది.

"ఏం జరిగింది?"

"దాని మీద చల్లటి పాలు పోశాను. గదిలో పొగ వేశాను."

"పాలా?" ఆవిడకు కోపం కంటే ముందు అయోమయం వచ్చింది. "నువ్వు జువాలజీ చదివావు కదా. నేను చెప్పిందంతా రాసుకున్నావు కదా. ఎందుకు చేశావు?"

దోషం, చవితి, సుబ్బారాయుడు. ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "నేను ప్రెగ్నెంట్‌ని. భయమేసింది" అన్నాను.

ఆవిడ పెట్టెను కింద పెట్టి, నా వైపు చూసి, మెల్లగా "మరి బేబీ?" అంది.

"పాలు పోసేనాటికే లేదు" అన్నాను. ఆ మాట తెలుగులో వచ్చింది. ఆవిడ అర్థంకాక అలాగే నిలబడింది. నేను మళ్ళీ ఇంగ్లీషులో చెప్పలేదు.