తూకం వెయ్యని రొయ్యలు

మా కాలేజీకి నాణ్యత కొన్నేళ్ళకోసారి వస్తుంది. వచ్చేముందు కబురు పెడుతుంది. ఏ రైలుకి దిగుతుందో, టిఫినులో నెయ్యి వేసుకుంటుందో లేదో, షుగరుందో లేదో అన్నీ ముందే తెలియజేస్తుంది. మేం రాజమండ్రి స్టేషనుకి ఎదురెళ్ళి, బొకే ఇచ్చి, ఏసీ కారెక్కించి తీసుకొస్తాం. రెండు రోజులుండి, శాలువా కప్పించుకుని, కాకినాడ కాజా డబ్బా పుచ్చుకుని వెళ్ళిపోతుంది. మిగతా కాలమంతా అదెక్కడుంటుందో నాకు తెలీదు. మా కాలేజీలో మాత్రం ఉండదు.

అక్కడ నేను ఎమ్మెస్సీ విద్యార్థులకి ఆక్వాకల్చర్ చెబుతాను. చేపలు, రొయ్యల పెంపకం అన్నమాట. చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే ఉన్న ఊళ్ళలో దానికి డిగ్రీ ఎందుకని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. కాంట్రాక్టు లెక్చరర్‌ని కాబట్టి, ఉద్యోగం ఎందుకని కూడా అడుగుతారు.

ఆ ఏడాది నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయిది మొగల్తూరు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న ఎవరివో రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. మేత ఖర్చు తట్టుకోలేక రైతులు చెరువులు ఎండబెట్టేసుకోవడం చిన్నప్పట్నించీ చూసిన పిల్ల. అందుకని ప్రాజెక్టు కూడా అదే ఎంచుకుంది. రొయ్యల తొట్టిలో రోజూ కాస్త బెల్లం పాకం కలిపి, గాలి ఆగకుండా కొడుతూ ఉంటే నీళ్ళలో మంచి బాక్టీరియా పెరిగి తరకలు కడుతుంది. రొయ్యలు ఆ తరకలు కూడా తింటాయి. అప్పుడు కొన్న మేత ఎంత మిగులుతుందీ అన్నది ఆ పిల్ల ప్రశ్న. రెండు తొట్లు పెట్టింది. ఒకదాంట్లో బెల్లం, రెండోదాంట్లో మామూలు మేత.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. బెల్లం తొట్టి ఎంత ఆరోగ్యంగా ఉంటే చూడ్డానికి అంత అసహ్యంగా ఉంటుంది. టీ రంగు నీళ్ళు, పైన నురగ, కింద మడ్డి. అలా తయారుకావడానికి వారాలు పడుతుంది. ఆ రంగొచ్చిన రోజు ఆ పిల్ల నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. “ఎంత బాగా మురికయిందో చూడండి మేడమ్,” అంది. అంతకు ముందు తొట్టి దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం కూడా చూశాను. కరెంటు పోతే గాలి మిషన్ ఆగిపోతుందని బాటరీ కోసం నాతో పోట్లాడింది. హాస్టల్లో ఉండి, ఆదివారం చర్చికి కూడా మా కాలేజీకి దగ్గరున్న దానికే వెళ్ళేది. ఊరెళ్తే తొట్టి ఎవరు చూస్తారని భయం.

చివర్లో ఒక్కటే పని మిగిలింది. రెండు తొట్లలోనూ నీళ్ళు తీసేసి, ఎన్ని బతికాయో లెక్కపెట్టి, మొత్తం తూకం వెయ్యాలి. మధ్యలో తీసిన శాంపిళ్ళు ఎన్ని ఉన్నా ఈ తూకం లేకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు ఆ సెమిస్టర్లో ఇవ్వకపోతే డిగ్రీ చేతికి రాదు. ఉప్పాడ వైపు రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మే ఒక హేచరీ వాళ్ళు, డిగ్రీ చేతికొచ్చాక వచ్చి చేరమని ఆ పిల్లకి మాటిచ్చి ఉన్నారు. కాపలా మనిషి కూతురు టెక్నీషియన్ అవుతుందా, ఇంకో ఆరు నెలలు హాస్టల్ మెస్సులో పప్పుచారు తాగుతుందా అన్నది ఆ తూకం మీద ఉంది.

సరిగ్గా ఆ తూకం వారంలోనే, కాలేజీని చూసి గ్రేడు వేసే నాణ్యతా బృందం వస్తోందని కబురొచ్చింది.

ఇక్కడ మా నాణ్యతా విభాగం కోఆర్డినేటర్ గారి గురించి చెప్పాలి. ఆయన్ని మేమంతా చాటుగా నాణ్యత గారు అనేవాళ్ళం. చెప్పేది కామర్స్. మంచి మనిషే. ఎవరింట్లో పెళ్ళయినా మండపం దగ్గర్నించి తాంబూలం సంచీ దాకా తన నెత్తిన వేసుకునే రకం. మా గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషిని ఏదో ఒకటి తినిపించకుండా పంపితే పాపం తగులుతుందనుకుంటారు. నాణ్యత గారు తనిఖీకి వచ్చిన మనిషిని కూడా ఆ లెక్కలోనే వేసేశారు. ఆయన చేతికి బృందం కార్యక్రమం వచ్చింది. ఆయన దాన్ని పెళ్ళివారి రాకడ కింద మార్చేశారు. దిగిన సాయంత్రం స్వాగతం. మొదటి రోజు విభాగాల సందర్శన, విందు. రెండో రోజు పొద్దున్న అన్నవరం సత్యనారాయణ స్వామి దర్శనం, ప్రసాదం, మధ్యాహ్నం వీడ్కోలు. సందర్శనకిచ్చిన సమయం చూస్తే ఒక్కో విభాగం ముందు కారు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవచ్చనిపించింది. కోర్సు ఎలా నడుస్తోందో చూసే తీరిక ఎక్కడుందండీ అని మీటింగులో అడిగాను.

“మీకు అన్నీ హాస్యమే మేడమ్,” అని నవ్వారు. “ముందు వాళ్ళు తృప్తిగా ఉండాలి కదండి.”

తరవాత ల్యాబుల తాళాలు పట్టుకుపోయారు. శుభ్రం చేయించి, మళ్ళీ ఎవరూ తొక్కకుండా ఉంచుతారట. ల్యాబు శుభ్రంగా ఉండాలంటే అందులో విద్యార్థులు ఉండకూడదన్నది నాణ్యతలో మొదటి సూత్రమని నాకు అప్పుడే తెలిసింది. నేనెళ్ళి తొట్ల సంగతి చెప్పాను. ఆ పిల్లని రోజూ లోపలికి పంపాలనీ, బృందం వెళ్ళిన మర్నాడే తూకమనీ చెప్పాను. “అయ్యో, మన పిల్లే కదండీ, ఎందుకు పంపం,” అన్నారు. పంపారు కూడా. ఆ మాట మీద నేను స్థిమితపడ్డాను.

బృందం దిగే రోజు నాకు స్టేషన్ డ్యూటీ పడింది. రైలు లేటు. ప్లాట్‌ఫారం మీద బొకే వాడిపోకుండా నీళ్ళు చల్లుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినందుకు పూలు తడిపే అర్హత వచ్చింది కదా అనుకున్నాను. ఆ పిల్లకేమో స్వాగతం డ్యూటీ. పట్టుచీర కట్టుకుని పన్నీరు చల్లడానికీ, మర్నాడు విందులో వడ్డించడానికీ పొడుగ్గా ఉన్న పిల్లల్ని ఏరారు. రిహార్సల్ కూడా పెట్టారు. పన్నీరు చల్లడానికి రిహార్సల్ ఏంటో దేవుడికే తెలియాలి. మొత్తానికి ఆ పూట తొట్ల దగ్గర మా ఇద్దరిలో ఎవరం లేము.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్లని విందు హాలుకి పట్టుకుపోయారు, బృందం మా ల్యాబుకొచ్చింది. ఛైర్మన్ గారిది ఉత్తరాది, పెద్దాయన, మెత్తగా ఇంగ్లీషు మాట్లాడతారు. నేను వెనక నడుస్తున్నాను. గుమ్మంలోంచే చూశాను. బెల్లం తొట్టి తళతళ మెరుస్తోంది. అడుగున రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్క, నాలుగు బంగారు చేపలు. పక్క తొట్టీ అంతే. ఛైర్మన్ గారు వంగి చూసి, నీళ్ళు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో అని మెచ్చుకున్నారు. నాణ్యత గారు ఛాతీ విరుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బృందం పక్క గదిలోకి వెళ్ళగానే అటెండర్ని పట్టుకున్నాను.

“ఆ మురికి నీళ్ళు పారబొయ్యమన్నారండి,” అన్నాడతను.

“రొయ్యలో?”

“అంత మంచి రొయ్యలు పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదండి. మన కోఆర్డినేటర్ గారు వంటాయనకి ఇచ్చెయ్యమన్నారు. దాణా కాదు, బెల్లం తిని పెరిగినవని నేనే చెప్పానండి సారుతో.”

అతన్ని ఏమనగలను? మా వైపు రొయ్య కనిపిస్తే ఎవరైనా ముందు ఇగురా, వేపుడా అనే ఆలోచిస్తారు. అది శాంపిలనీ, ప్రయోగమనీ తోచాలంటే చాలా చదువుకోవాలి. పోనీ చాలా చదువుకున్న మా నాణ్యత గారికైనా తోచిందా అంటే, ఆయన సంగతి చూస్తూనే ఉన్నాం.

ఆ పిల్లకి చెప్పాలని వెతికాను. అప్పటికే విందు మొదలైంది. హాల్లో తెల్లటి గుడ్డ పరిచిన టేబుళ్ళు, అరిటాకులు, ఒక్కో ఆకు మీద ఇన్ని రకాలు. ఆ పిల్ల ముదురాకుపచ్చ పట్టుచీరలో, పెద్ద స్టీలు గిన్నె పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ వస్తోంది. గిన్నెలో ఏముందో నేను చూశాను. తనకి మాత్రం అది రొయ్యల వేపుడే, ఎక్కడివో తెలీదు.

ఛైర్మన్ గారు రెండోసారి పెట్టించుకున్నారు. ఇంత తాజా రొయ్యలు, ఇంత తియ్యగా, తన జన్మలో తినలేదన్నారు. ఎక్కణ్ణించి తెప్పించారని అడిగారు.

నాణ్యత గారి ముఖం వెలిగిపోయింది. ఎంత సంతోషంగా చెప్పారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. “బయటివి కావు సార్. మన ల్యాబువే. మన స్టూడెంట్లు బెల్లం పెట్టి పెంచినవి.”

బృందమంతా ఆహా అన్నారు. ఒకావిడ ఫోను తీసి ఆకు ఫోటో తీసుకుంది. ఆ పిల్ల చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. గరిటెలో ఉన్నవి ఆయన ఆకులో వేసి, వరస చివరిదాకా వడ్డించి, గిన్నె పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది.

“మేడమ్, వండే ముందు తూకం ఏమన్నా వేశారాండి?” అంది.

లేదన్నాను. రెండు తొట్లవీ ఒకే మూకుట్లో వేయించారని కూడా చెప్పాల్సొచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. చీర చెంగుతో చేతులు తుడుచుకుని సాంబారు బకెట్ అందుకుంది. ఏడుపొచ్చింది నాకే. నాణ్యత గారి కుర్చీ వెనక్కి వెళ్ళి, మీరు తినిపించేసింది ఆ పిల్ల డిగ్రీ అండీ అన్నాను. ఆయన కంగారుగా నా వైపు తిరిగి, “ఇప్పుడు కాదు మేడమ్, ఐస్‌క్రీమ్ వస్తోంది,” అన్నారు.

మర్నాడు అన్నవరం నించి వచ్చాక వీడ్కోలు సభలో ఛైర్మన్ గారు నివేదిక ముఖ్యాంశాలు చదివారు. విద్యార్థుల పరిశోధన ఫలితాలు నేరుగా ప్రజల పళ్ళెంలోకి చేరడం ఆదర్శమన్నారు. చప్పట్లు మోగాయి. ఆ తరవాత లోపాలు కూడా ఒకటి రెండు చెప్పారు. అందులో ఒకటి, మేత ఖర్చు తగ్గించే పద్ధతుల మీద విభాగం ప్రయోగాలేమీ చేస్తున్నట్టు కనపడలేదని. నేను చప్పట్లు కొట్టాను. ఆ ఒక్కటీ నిజంగా కళ్ళతో చూసి రాశారాయన, కనపడలేదు మరి.

బృందం రైలెక్కాక నాణ్యత గారు మా ఇద్దర్నీ పిలిచారు. ఆయనకీ మనసులో పీకుతూనే ఉంది, కాదనను. ఆ పిల్లకి ప్రసాదం పొట్లం పెట్టి, కాఫీ తెప్పించారు.

“దీనికింత బాధ ఎందుకమ్మా. పోయిన వారం వరకూ బరువులున్నాయి కదా. దాన్ని బట్టి ఒక అంకె వేసేసుకో. ఎన్ని బతికాయో ఇంకో అంకె. మేడమ్ గారు సంతకం పెట్టేస్తారు. ఎవరొచ్చి చూస్తారు?”

నాణ్యతా విభాగం గోడ మీద, ఆయన నెత్తికి సరిగ్గా పైన, ప్రమాణాల్లో రాజీ లేదని పెద్దక్షరాల్లో ఉంది. నాకు చదివి వినిపించాలనిపించింది. ఈలోగా ఆ పిల్లే మాట్లాడింది.

“నాకు తెలీదు కదండి. అంకె మీరు చెప్పండి సార్. తిన్నది మీరే కదండి.”

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశారు.

కొన్నాళ్ళకి గ్రేడొచ్చింది. మంచి గ్రేడే. గేటు దగ్గర ఇంత పొడవు ఫ్లెక్సీ కట్టారు. పైన గ్రేడు, కింద శాలువాలు, ఒక పక్కన విందు ఫోటో. ముదురాకుపచ్చ చీరలో మా పిల్ల ఛైర్మన్ గారి ఆకులో రొయ్యలు వడ్డిస్తోంది. ఆ ఫ్లెక్సీ కట్టిన రోజే ప్రాజెక్టులివ్వడానికి ఆఖరి రోజు. సాయంత్రం నేను బయటికొస్తుంటే ఆ పిల్ల ఫ్లెక్సీ ముందు నిలబడి, ఫోన్లో అదే ఫోటో పెద్దది చేసి చూస్తోంది.

“ఏం చూస్తున్నావమ్మా?”

“గరిటె పొడుగు తెలుసండి, మెస్సులోదే. దాంతో పోల్చి రొయ్య సైజు కట్టొచ్చేమోనని.” ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది. “తలలు తీసేశారు మేడమ్. తల లేకపోతే బరువు రాదండి.”

ఫోన్ సంచీలో వేసుకుంది. ఆ సెమిస్టర్ పోయింది. హేచరీ వాళ్ళు ఇంకొకర్ని తీసుకున్నారు. ఆ తరవాతి వారం మేమిద్దరం ల్యాబులో తొట్టి దగ్గర కూర్చుని బంగారు చేపల్ని ఒక బకెట్లోకి తీసి, గులకరాళ్ళు కడిగి, మళ్ళీ బెల్లం నానబెట్టాం.