కొసరు వేసిన అక్క

మొన్న జెండా పండుగనాడు మా యాప్రాల్ కాలనీలో రిటైరైన ఉద్యోగులకు సన్మానం పెట్టారు. పోలీసు శాఖలో ఓ జీవితకాలం పనిచేసి, పైగా నీలం టోపీ పెట్టుకుని పరాయి దేశంలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఉండి వచ్చిన మనిషినని నా పేరే ముందు పిలిచారు. చప్పట్లు కొట్టించుకున్నాను, పూలగుత్తి పుచ్చుకున్నాను, అంతవరకూ బాగానే ఉంది కానీ, అసోసియేషన్ ప్రెసిడెంటు గారు జరీ అంచు శాలువా విప్పి నా భుజాల మీదికి తెచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే లేచి అడ్డుపడింది. ఆయన పాపం దాన్ని అటు మడవలేక, ఇటు కప్పలేక కాసేపు నిలబడి, చివరికి నా పక్కనున్న హెడ్మాస్టరు గారికి కప్పేశారు. ఆయనకి అప్పటికే ఒకటుంది.

ఇంటికొచ్చాక కోడలు నిష్ఠూరమాడింది. "ఏంది అత్తమ్మా, అందరి ముందట గట్ల చెయ్యి అడ్డం పెడ్తరా? ప్రెసిడెంట్ అంకుల్ మస్తు పరేషాన్ అయిండు. జెర కప్పించుకుంటే ఏమయితుండె?" అంది. ఏమవుతుందో ఆ పిల్లకి చెప్పలేక తలనొప్పని లోపలికి వెళ్ళి పడుకున్నాను. నా ఈడువాళ్ళు మీరు, కొసరు సంగతి ఎరిగినవాళ్ళు, మీకైతే చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

మాది సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి. నాన్న అక్కడి ఫౌజీలకు యూనిఫారాలు కుట్టే దర్జీ కావడంతో పుట్టినప్పటి నుంచీ ఖాకీ గుడ్డ మీదే పాకానని ఇంట్లో అనేవాళ్ళు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని మోండా మార్కెట్టుకి వెళ్ళేది. కూరలావిడ తూకం వేసి సంచిలో పోశాక కూడా అమ్మ సంచి మూయకుండా అలాగే తెరిచి పట్టుకుని నిలబడేది. ఆవిడ తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో ఇంకో రెండు వంకాయలు, ఓ కరివేపాకు రెమ్మ పడేసేదాకా అమ్మ అక్కణ్ణుంచి కదిలేది కాదు. అసలు కంటే కొసరు ముద్దనేది అమ్మ మాట. ఆ బుద్ధి నాకు అక్షరాల కంటే ముందే అబ్బింది, పోలీసునయ్యాక కూడా పోలేదు.

నేను వెళ్ళిన దేశం ఆఫ్రికాలో ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ నేను అక్కా అని పిలిచిన ఒకావిడ కూతుళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. యుద్ధం ఆగిందని సంతకాలయ్యాకే మమ్మల్ని పంపారు గానీ, తీరా వెళ్ళి చూస్తే తుపాకులు పట్టినవాళ్ళు వాటిని దించలేదు, పని మార్చుకున్నారంతే. అడవి కొట్టించి బొగ్గు కాల్పించడం, ఆ బొగ్గు లారీల్లో రేవుకు తోలడం, బస్తాల అడుగున తుపాకులు దాచి కావలసిన చోటికి చేర్చడం, దారిలో ఎదురు చెప్పినవాణ్ణి మాయం చేయడం, ఇదంతా ఓ కంపెనీ నడిపినట్టు పద్ధతిగా నడిపేవాళ్ళు. ఆ లారీలెవరివో ఊరందరికీ తెలుసు, నోరు విప్పేవాళ్ళు మాత్రం లేరు. సికింద్రాబాదులో ఏ దొంగతనమైనా జరిగితే గల్లీ చివర పాన్ డబ్బా దగ్గర నిలబడి రెండు మంచి మాటలాడితే చాలు, దొంగ పేరూ వాడి మేనమామ పేరూ కూడా తెలిసేవి. అక్కడ మా జీపు ఆగితే చాలు, బజారు బజారంతా మౌనవ్రతం పట్టేది.

ఆ అక్క బజారు మొదట్లో, రెండు రోడ్లు కలిసే చోట, రేకు కింద పొయ్యి పెట్టుకుని పిండి ఉండలు నూనెలో వేయించి అమ్మేది. మన మైసూరు బోండాల్లాంటివే, కాస్త తియ్యగా ఉంటాయి. మొదటిరోజు డబ్బిచ్చి పొట్లం అందుకున్నాక అలవాటు చొప్పున పొట్లం తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడకి అర్థం కాలేదు. ఇంకొకటి వెయ్యమని చేత్తో సైగ చేశాను. అక్కడ యూనిఫారం వేసుకున్నవాళ్ళు డబ్బివ్వకుండా పట్టుకుపోవడమే ఎరుగుదురు గానీ, పూర్తిగా డబ్బిచ్చి ఆపైన ఒక్క బోండా కోసం మొండికేసే పోలీసుని ఆవిడెప్పుడూ చూడలేదు. గరిటె పక్కన పడేసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇవ్వలేదు మాత్రం. ఆ రోజు నుంచీ అదో తంతయింది. నేను పొట్లం తెరిచి నిలబడడం, ఆవిడ గరిటె ఊపి పొమ్మనడం, చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వడం. ఆ భాషలో బజారు మాటలు నాకు ఆ పొయ్యి దగ్గరే వచ్చాయి. ఆవిడ నాకంటే కాస్త పెద్దది, అందుకని మన భాషలోనే అక్కా అని పిలిచేదాన్ని. ఆ మాట ఆవిడకి నచ్చి తిరిగి నన్నూ అక్కా అనేది.

అక్కడి ఆడవాళ్ళు ఆదివారాలు చర్చి వెనక చెట్టుకింద చేరి ఒకరికొకరు జడలు అల్లుకుంటారు. నేనూ సెలవు రోజున మామూలు బట్టల్లో వెళ్ళి కూర్చునేదాన్ని. ఓ ఆదివారం నా తల అల్లుతూ, మొహం కనబడకుండా వెనక నుంచి, అక్క తన భర్త సంగతి చెప్పింది. లారీలవాళ్ళు చెట్లు కొట్టడానికి రమ్మంటే రానన్నాడట. తీసుకెళ్ళారట. ఇక రాలేదట. ఆ లారీలు అడవిలోంచి బయటికి రాకముందు వాళ్ళ మనుషులు తన పొయ్యి దగ్గరే ఆగి తింటారనీ, రేపు ఏం వస్తోందో తనకి ముందే తెలుస్తుందనీ చెప్పింది. తనకి ఇద్దరు కూతుళ్ళున్నారు కాబట్టి ఈ మాట బయటికి రాకూడదంది. ఏమివ్వమంటావని అడిగితే, ఏమీ ఇవ్వొద్దు, తెలియనివ్వొద్దు, అంతే అంది. ఎలా చెబుతావంటే ఉపాయం కూడా తనదే. రోజూ నువ్వు అడుగుతూనే ఉండు, నేను పొమ్మంటూనే ఉంటాను, వేసిన రోజున తెలుసుకో అంది.

మా అమ్మ కొసరుకి అంత విలువ ఉంటుందని ఎవరనుకుంటారు? అక్క పొట్లంలో ఇంకో బోండా వేసిన ప్రతిసారీ మర్నాడు లారీలొచ్చాయి, మేం ఆపాం, బొగ్గు కింద తుపాకులు దొరికాయి. చివరికి ఆ వ్యాపారం నడిపే పెద్దమనిషిని కూడా పట్టుకున్నాం. కొన్ని నెలలు ఊరికి ఊపిరాడింది. ఆడవాళ్ళు తాము కాల్చుకున్న బొగ్గు తామే తలకెత్తుకుని ఎవరి అనుమతీ లేకుండా బజారుకొచ్చేవాళ్ళు. ఆ బొగ్గు గంపలు చూస్తే నాకు గర్వంగా ఉండేది, దాచుకోను.

ఈ రహస్యం నేను కాక తెలిసింది మా బృందం పెద్ద సారు ఒక్కరికే. ఆయన ఉత్తర్వు లేకుండా రోడ్డు మూయడం కుదరదు మరి. సారుది గుంటూరు వైపు. బహు మంచి మనిషి, ఒకరి రుణం ఉంచుకోని మనిషి, సన్మానాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఏ ఊరు బదిలీ అయినా వచ్చేముందు నలుగురిని పిలిచి శాలువాలు కప్పి రావడం ఆయన ఆనవాయితీ. ఆ దేశానికి కూడా ట్రంకు పెట్టెలో శాలువాలు పెట్టుకుని వచ్చారు. మేమంతా నవ్వేవాళ్ళం కూడా.

మా గడువు ముగిసే వారంలో, ఆ పెద్దమనిషి కేసులో సాక్ష్యం చెప్పడానికి నేను రాజధానికి వెళ్ళాను. వాడిని వదిలేశారు. వాడి ఉప్పు తిన్నవాళ్ళు ఆ కోర్టులోనూ ఉన్నారని మనసులో తిట్టుకుంటూ తిరిగి వచ్చేసరికి ఊళ్ళో సన్మాన సభ అయిపోయింది. బడి పంతులుకీ, చర్చి ఫాదరుకీ, ఆసుపత్రి నర్సుకీ శాలువాలు కప్పారు. నాలుగోది అక్కకి. జీపు పంపించి, పిలిపించి, బజారంతా చూస్తుండగా.

నేను సారు మీద అరిచాను. పై అధికారి మీద అరవడం సర్వీసులో అదొక్కసారే. ఆయన తెల్లబోయి, "అదేంటమ్మా, పేరు చెప్పలేదు, ఎందుకిచ్చామో చెప్పలేదు, మనకి సాయపడిన ఆడపడుచు అన్నానంతే. ఇంటి ఆడపడుచుని ఉత్త చేతుల్తో ఎలా వదిలేసి వస్తామమ్మా?" అన్నారు. చెప్పక్కర్లేదు సారూ, పంతులుకీ ఫాదరుకీ మధ్యలో బోండాలమ్మే ఆవిడకి ఎందుకు కప్పారో ఆ ఊళ్ళో అర్థం కానివాళ్ళు ఎవరున్నారన్నాను. అప్పుడర్థమైంది ఆయనకి. కుర్చీలో కూలబడిపోయి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనేమో.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆపైన ఎన్ని చేశామో. అక్కనీ పిల్లల్నీ రాజధానికి చేర్చడానికి సారు బండి సిద్ధం చేయించారు. అక్క కూతుళ్ళని మాత్రం అమ్మమ్మ ఊరికి పంపించి తను రానంది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. "పొయ్యి వదిలి పారిపోతే ఒప్పుకున్నట్టే. పిల్లల్ని కూడా వెతుకుతారు. ఇక్కడే కూర్చుని బోండాలు వేయిస్తుంటే, ఏమో, ఊరికే కప్పారనుకుంటారేమో" అంది. నువ్వు వెళ్ళిపోతావు, ఈ రోడ్డు ఎక్కడికీ పోదు అని కూడా అంది.

మేం బయల్దేరిన పొద్దున మా లారీలు ఆ కూడలి మీదుగానే విమానం దగ్గరికి వెళ్ళాయి. ఒక్క నిమిషం ఆపించి దిగాను. అక్క ఎప్పట్లాగే పొట్లం కట్టింది. ఆ రోజు నేను పొట్లం తెరిచి పట్టుకోలేదు, ఆ మొహం నాకు లేదు. అడక్కుండానే అక్క నా చేతిలోంచి పొట్లం తీసుకుని, విప్పి, ఇంకో బోండా వేసి ఇచ్చింది. నా వైపు చూడలేదు, అడవి రోడ్డు వైపు చూసింది.

పరుగెత్తి సారుకి చెప్పాను, సారు వైర్‌లెస్ అందుకున్నారు. కొత్త బృందం ఇంకా రాజధానిలోనే ఉంది, మర్నాటికి గానీ రాదు. మా ఆయుధాలు అప్పటికే పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఒక్క రోజు ఆగుతామని సారు బతిమాలారు, విమానం ఆగదన్నారు. మేం డ్యూటీ దిగి కొత్తవాళ్ళు ఎక్కేలోపు ఆ రోడ్డుని చూసేవాళ్ళుండని రోజొకటి ఉంటుందని మాకంటే ముందు ఆ లారీలవాళ్ళకి తెలుసు. బండి కదులుతుంటే వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. అక్క గరిటె ఊపుతోంది, పొమ్మన్నట్టు.

ఆ మర్నాడే అక్కని చంపేశారు. కొత్త బృందంలోని ఒక ఆఫీసరమ్మ తర్వాత ఫోన్ చేసి చెప్పింది. శాలువాని కూడలిలో స్తంభానికి కట్టి వెళ్ళారట, ఇంకెవరూ నోరు విప్పకుండా. పిల్లలు మాత్రం క్షేమమని చెప్పింది. సారు బతికున్నన్నాళ్ళూ అప్పుడప్పుడూ గుంటూరు నుంచి ఫోన్ చేసి ఆ పిల్లల సంగతే అడిగేవారు, ఇంకేమీ మాట్లాడేవారు కాదు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. అక్క లేదన్న బాధ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు మా ఇంటికి కూరగాయలు ఫోన్లో నొక్కితే వస్తాయి. మిషను తూచిన పొట్లాలు, గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయే పిల్లలు. గీచి గీచి బేరమాడే అమ్మలూ లేరు, తిట్టుకుంటూ రెండు వంకాయలు పడేసే కూరలావిడలూ లేరు, కొసరంటే ఏమిటని మనవరాలు అడుగుతోంది. అందరూ సరిగ్గా తూచినంతే ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మంచిదేనేమో. నేను మాత్రం ఇంకా తిరుమలగిరి సంతకి నడిచి వెళుతుంటాను, కూరలు కొంటాను, సంచి వెంటనే మూసేస్తాను. అక్కడ ఒక ముసలావిడ ఉంది, పాతకాలపు మనిషి. మూసిన సంచి తనే లాగి తెరిచి, "ఆగు బిడ్డా, జెర కొత్తిమీర సుత తీస్కపో" అని ఓ గుప్పెడు వేస్తుంది. ఆవిడకి దండం పెడతాను. పెట్టి, వెనక్కి తిరిగి, రోడ్డు వైపు చూస్తాను.