నాలుగు పట్టాల ఇసుక

గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద ఓడెక్కి వెళ్ళి, సముద్రాల అవతల బా అనే ఊరి దగ్గరి చెరకు తోటలో ఉన్నప్పుడు నా మొగుడిది బ్రేకు పని, నాది ఇసుక పని. చెరకు నింపిన ఇనప చక్రాల ట్రక్కును కొండవాలు మీది పట్టాల వెంట కిందికి దించాలి. అతను ముందువైపు మెట్టు మీద నిలబడి, దారి పొడవునా ఒక కర్రను చక్రానికి అదిమిపట్టేవాడు. ట్రక్కు మనిషి నడకతో దిగేది. కింద చదునులో పట్టాల మీద నేను ఇసుక చల్లి ఉంచేదాన్ని. అక్కడ కర్రను చక్రంలోకి దూర్చి బిగిస్తే అది గరగరమంటూ ఇసుక మీద జారి ఆగేది. ఒక పట్టా పొడవు ఇసుక సరిపోయేది. కాస్త అవతలే నిండు ట్రక్కులు నిలిచి ఉండేవి.

ఒకసారి దొరకు తొందర పుట్టింది. ఒకటి దిగే సమయంలో రెండు దిగాలన్నాడు.

"నడుమ అంత బ్రేకు వద్దు. జల్దీ దింపు" అన్నాడు కూలీల మీద పెత్తనం చేసే సర్దారు. అతనూ మా విశాఖపట్నం వైపువాడే.

"ఆగకపోతేనో, సర్దారూ?" అన్నాను.

"జోరు డబల్ అయితే ఇసుక డబల్ ఎయ్. ఆమాత్రం బుర్ర నేదేటి?"

దొర తలూపాడు. ఊపడానికేం, ఆ మెట్టు మీద ఉండేవి వాళ్ళ కాళ్ళు కావుగా!

రెండు పట్టాల పొడవునా ఇసుక పోశాను. ట్రక్కు వచ్చింది. చక్రాలు బిగుసుకున్నాయి, ఇసుక లేచింది. రెండో పట్టా దాటినా అది నా నడక కంటే జోరుగానే పోతోంది. దూకితే పని ఎగ్గొట్టాడని చావబాదుతారు. అందుకే నా మొగుడు దూకలేదు. బండి వెళ్ళి, నిలిచి ఉన్న ట్రక్కును గుద్దింది. అతని కాలు రెండింటి మధ్యా నలిగిపోయింది.

దొర వచ్చి మొదట చక్రాలు చూశాడు, ఆ తర్వాత అతన్ని.

"ఏడుపు తరవాత. ఈసారి నాలుగు పట్టాలకి ఎయ్" అన్నాడు సర్దారు నాతో.

నిలిచి ఉన్న ట్రక్కులను దూరంగా నెట్టించారు. రక్తం మీదే ఇసుక పోశాను. మెట్టు మీదికి వేరే మనిషి ఎక్కాడు. అదే జోరుతో వచ్చిన ట్రక్కు నాలుగో పట్టా చివర ఆగింది. దొర సంతోషించి వెళ్ళిపోయాడు. జోరు మాత్రం తగ్గించలేదు.

వేగం రెండింతలైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుందని, దాన్ని ఆపడానికి నాలుగింతల దూరం కావాలని చాలా ఏళ్ళకు మా మనవరాలు బడిలో చదివి చెప్పింది. వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఆ లెక్క సర్దారు నేర్చుకున్నది నా మొగుడి కాలు మీద.

కాలు నలిగిన ఆ వారమే, ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. కాలు మోకాలి దాకా తీసేశారు.

"ట్రక్కు ఆగుతోందేటే?" అని అడిగాడు.

"ఆగుతోంది మావా. నాలుగు పట్టాల ఇసుక కావాలంట."

"మరి ఆ ఏలే నాలుగు పట్టాలకి ఎయ్యకపోనావేటే?" అన్నాడు.

బతికినన్నాళ్ళూ నన్ను అదే మాట అన్నాడు. సర్దారును మాత్రం ఒక్కసారి కూడా తిట్టలేదు.