ఓబళప్ప పరుగెత్తిన ఆదివారం

మా బావ ఓబళప్పకు పరుగు పిచ్చి అని కబ్బన్‌పేటలో మా నేతగాళ్ళ వీధంతా అనుకునేది. అది పిచ్చి కాదు, బస్సు లేక పట్టుకున్న అలవాటు. యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై వర్తూరు బస్సు ఆగిపోయింది. మా చీరలు ఆ ఊరి సంతలోనే బాగా పోయేవి. దారి పదమూడు మైళ్ళు. నడిచి వెళ్తే ఆ పూట అక్కడే పడుకోవాలి, ఇక్కడ మగ్గం ఖాళీగా పడుకుంటుంది. అందుకని బావ చీరల మూట వీపుకు బిగించి, కోడి కూయగానే పరుగు మొదలుపెట్టి, సంత ముగించి, పొద్దు వాలేలోగా మళ్ళీ పరుగున ఇల్లు చేరేవాడు. నాలుగేళ్ళు అలా తిరిగాడు.

యుద్ధం ముగిసింది. బస్సు తిరిగి వచ్చింది. ఆయన మాత్రం ఎక్కలేదు.

నేను ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మకు తమ్ముణ్ణి. పేరు వెంకటరాయప్ప. నా మగ్గం వాళ్ళ పక్కింట్లోనే. నాకు ముక్కు మీదే కోపం, మనసులో మాట ఆగదు. ఒకరోజు అడిగేశాను. "బస్సు ఉండాది కదా బావా, ఊరోళ్ళు నవ్వుతాండారు, ఇంకా ఎందుకు పరిగెత్తేది?"

ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. పాదాలు తొక్కుడుపలకల మీద ఉన్నాయి. చేతిపని ఆపకుండానే చెప్పాడు.

"ఈడ గుంతలో కాళ్ళు నావి కాదు రాయప్పా, మగ్గానివి. అది తొక్కమంటే తొక్కల్ల. రోడ్డెక్కితే అవి నావి. మారతహళ్ళి దాటినాక చూడు, ఒంట్లో ఎవురో పాట పాడినట్టు ఉంటాది. ఆ పాట కోసరం పోతా."

నేను లేచి నా మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాను.

నలభై ఆరో సంవత్సరం చలికాలంలో దొరల పటాలాలు ఉండే దండు వైపు ఒక ఆటల క్లబ్బు వాళ్ళు పరుగుపందెం పెట్టారు. కబ్బన్ పార్కు గేటు నుంచి వర్తూరు చెరువు కట్ట దాకా పోయి తిరిగి రావాలి. మొత్తం ఇరవై ఆరు మైళ్ళు. బావకు అడుగడుగూ తెలిసిన దారి. ఆయన మొహం చూసి, పేరు నమోదు కాగితం నేనే తెచ్చి నింపాను. పందెం ఆదివారం పొద్దున ఆరు గంటలకు.

ఆ ఆదివారమే చిక్కు తెచ్చింది. అప్పట్లో నూలు కంట్రోలు మీద, సర్కారు ఇచ్చినప్పుడే వచ్చేది. అక్కావాళ్ళ ఇంటికి రెండు నెలలుగా ఒక్క పోగు కూడా రాలేదు. మగ్గం మీద సాలీడు గూడు అల్లింది, నేతపని అది ఒక్కటే చేస్తోందని అక్క ఏడవలేక నవ్వేది. సరిగ్గా పందేనికి నాలుగు రోజుల ముందు నూలు వచ్చింది. నిలువు పోగుల పడుగు సిద్ధమైంది. దానికి గంజి పట్టించే వంతు ఆదివారం తెల్లవారుజామున పడింది.

నూలుకు గంజి పట్టించడం ఇంట్లో ఒకరిద్దరితో అయ్యేది కాదు. నలభై గజాల పడుగును వీధి పొడవునా వెదురు గుంజల మీద సాచాలి. గంజి పూయాలి. పెద్ద కుంచెలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ దువ్వాలి. తెగిన పోగును తెగినచోటే ముడివేయాలి. డజను మంది చేతులు ఒక్కసారి పడాలి. ఎండ ఎక్కక ముందే అంతా ముగియాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా తాడైపోతుంది, ఇక ఎందుకూ పనికిరాదు. అందుకే వీధిలో ముయ్యి ఉండేది. నా పడుగుకు నువ్వు, నీ పడుగుకు నేను. దానికి ఒక కట్టుబాటు కూడా ఉంది. ఎవరి పడుగైతే ఆ ఇంటాయన పడుగు తలకాడ నిలబడాలి. ఆయన లేని పడుగును ఎవరూ ముట్టరు. ఆ రోజు వంతు తప్పితే మళ్ళీ పన్నెండు రోజులకు గాని రాదు.

వంతులు చూసేది పెద్దమునియప్ప. వీధికి పెద్ద, అరవై దాటిన మనిషి. ఆయన నోరు మంచిది కాదు. బావ శనివారం పొద్దున్నే వెళ్ళి వంతు మార్చమని అడిగాడు. నేనూ వెంట ఉన్నాను.

"ఎందుకు మార్చల్ల?" అన్నాడు పెద్దమునియప్ప. "నీకు జరమా? ఇంట్లో చావా? గుర్రం మాదిరి రోడ్డు మీద ఉరికేదానికి వీధంతా వంతు మార్చుకోవల్లనా? పెండ్లాం ఉండాది, ఇద్దరు ఆడబిడ్డలు ఉండారు, చెడ్డీ ఏసుకొని దండులో ఉరుకుతాడంట! రేపు తలకాడ నువ్వు లేకుంటే ఈ వీధిలో చెయ్యి పడదు, చెప్పినా."

నాకు ఒళ్ళు మండింది. ఆ ముసలాయనను నానా మాటలూ అన్నాను. బావ నా భుజం పట్టి ఇంటికి లాక్కొచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని, "పోనీలే, ఇంకో తూరి చూద్దాం," అన్నాడు. ఇంకోసారి అనేది లేదని ఆయనకూ, నాకూ, అక్కకూ తెలుసు. ఆయనకు అప్పటికే ముప్పై ఎనిమిది.

అక్క పొయ్యి దగ్గర పడుగు కోసం రాగి గంజి కాస్తోంది. గరిటె తిప్పుతూనే అంది.

"నువ్వు పో. పడుగు నేను చూసుకుంటా."

"ఎట్ల చూసుకుంటావు? మనుషులు రారంట!"

"రాకుంటే నేనూ బిడ్డలూ పూస్తాం. పోతే పోనీ. నాలుగేండ్లు నా చీరలు మోసుకొని ఉరికితివి. ఒక్కనాడు ఉత్త వీపుతో ఉరుకు, చూస్తా."

ఆ మాటకు బావ తలవంచుకున్నాడు. ఇంటి రెండు నెలల గంజినీళ్ళు ఆ పడుగులో ఉన్నాయి. అది పోతే ఆ నలుగురూ ఏం తింటారో నాకు తెలియదు, అక్కకూ తెలియదు. తెలిసీ తెలియనట్టు పొమ్మంది.

పొమ్మన్న ఊపులో అక్క ఒక తప్పు కూడా చేసింది. మా మగ్గం గుడ్డతోనే బావకు నిక్కరు కుట్టించింది. దొరల ముందు ముడతలతో నిలబడితే మానం పోతుందని, పడుగు గంజిలోంచే కొంత తీసి దానికి పట్టించింది. చాకలి పెట్టే గంజి అయినా బాగుండేది. నేతగత్తె కదా, పడుగుకు పట్టినట్టు మూడు పూతలు పూసి ఆరబెట్టింది. నిప్పులు పోసిన చెంబుతో రుద్దింది. ఆ నిక్కరు నేల మీద పెడితే మనిషి లేకుండానే నిలబడింది. మేమంతా మురిసిపోయాం. బావ తొడుక్కుని నడిస్తే కొత్త పరదాలా చప్పుడయింది.

పొద్దున ముప్పై ఒక్క మంది గేటు దగ్గర నిలబడ్డారు. సిపాయిలు, పోలీసులు, కాలేజీ కుర్రాళ్ళు. బావ ఒక్కడే నేతగాడు. నేను అరువు తెచ్చిన సైకిలు మీద, అంబలి చెంబు హ్యాండిలుకు కట్టుకుని వెంటపడ్డాను. హలసూరు దాటేసరికి బావ ముందున్న ఐదుగురిలో ఉన్నాడు. విమానాల ఫ్యాక్టరీ దగ్గర ముగ్గురిలో ఉన్నాడు. అక్కడి నుంచి ఆయన నడక మారింది. కాళ్ళు ఎడంగా వేస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే నిక్కరు అంచులు తొడలను రంపంలా కోస్తున్నాయి. ఎర్రటి చారలు మోకాళ్ళ దాకా దిగాయి.

"మీ అక్క పడుగు గంజి శానా గట్టిది రాయప్పా," అన్నాడు పళ్ళు బిగించి. అది తిట్టు కాదు, మెచ్చుకోలు.

మారతహళ్ళి వచ్చింది, దాటింది. ఆయన చెప్పిన పాట ఆ రోజు ఒంట్లో పాడినట్టు లేదు. వర్తూరు చెరువు కట్ట దగ్గర, అక్కడిదాకా వచ్చినట్టు గుర్తుగా చీటీ ఇచ్చే మనిషి చీటీ ఇవ్వగానే, బావ వెనక్కి తిరగలేదు. తిన్నగా చెరువులోకి దిగి, మెడ దాకా నీళ్ళలో కూర్చుని నిక్కరు నలపడం మొదలుపెట్టాడు. చుట్టూ నీళ్ళు రాగి అంబలిలా అయ్యాయి. గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆలోగా నలుగురు ఆయనను దాటిపోయారు.

గట్టు మీది ఆడవాళ్ళలో ఒకామె ఆయనను గుర్తుపట్టింది. చిక్కమ్మ అని, సంతలో ఏటా మా చీర కొనే మనిషి.

"అయ్యో, మన చీరలప్ప! మూట లేకుండా వచ్చినావే, అందుకే పోల్చుకోలేదు. ఏమైందప్పా?"

గాయం చూసి ఆమె నవ్వు ఆపింది. కట్ట కిందే ఇల్లు. పరుగున వెళ్ళి అరచేతి నిండా వెన్న తెచ్చింది. "పూసుకో. వద్దనొద్దు. ఆ కరువులో బస్సు కూడా రాని ఊరికి నువ్వు వస్తివి," అంది.

బావ వెన్న పూసుకున్నాడు. ఎండ కట్ట మీదికి ఎక్కింది. మా ఇద్దరికీ అదే ఆలోచన. ఈ ఎండ కబ్బన్‌పేటలో కూడా ఎక్కి ఉంటుంది. వీధిలో అక్క ఒంటరిగా, ఇద్దరు పిల్లలతో, నలభై గజాల తడి పడుగు ముందు నిలబడి ఉంటుంది.

"సైకిలెక్కు బావా," అన్నాను. "పందెం మన్నుగానీ! పడుగన్నా దక్కుతాదేమో చూద్దాం."

"మనం పోయే తలికి ఎండ మనకంటే ముందు పోయి ఉంటాది," అన్నాడు. "మీ అక్క కడుపు కట్టుకొని ఈ పొద్దు నాకు ఇచ్చింది. సగం వాడుకొని తిరిగిచ్చేదా? చెంబు ఇట్ల ఇయ్యి."

అంబలి తాగి లేచాడు. కట్ట మీద ఆడవాళ్ళు "పో అప్పా, పో!" అని అరిచారు. ఆ అరుపు చాలాదూరం వరకూ వినబడింది. తిరుగుదారిలో నేను ఆయన పక్కనే ఉన్నాను. దాటిపోయిన నలుగురిలో ముగ్గురిని ఒక్కొక్కణ్ణే వెనక్కి వేశాడు. పార్కు గేటు దగ్గరికి నాలుగోవాడిగా వచ్చాడు. బహుమానాలు ముగ్గురికే. గేటు దగ్గర ఎవరో కుర్చీ వేసి కూర్చోమన్నారు. తొడల మంటతో కూర్చోలేకపోయాడు. నీళ్ళు కూడా తాగకుండా, "ఇంటికి," అన్నాడు. సైకిలు మీద కూర్చోవడమూ కుదరలేదు. అందుకని నేను సైకిలు మీద, ఇరవై ఆరు మైళ్ళు పరుగెత్తినవాడు నా పక్కన నడక. దారిలో వాళ్ళు నన్ను ఎంత తిట్టుకున్నారో.

వీధి మలుపు తిరిగేసరికి వెదురు గుంజలు ఖాళీగా ఉన్నాయి. పడుగు పోయిందనుకున్నాను. బావ ఆగిపోయాడు. ఆ తర్వాత అరుగు కనిపించింది. అరుగు మీద పడుగు చుట్ట ఉంది. ఆరి, నిగనిగలాడుతూ, పోగుకు పోగు విడివిడిగా ఉంది. దాని చుట్టూ వీధి మనుషులు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. పదమూడు మంది. మధ్యలో పెద్దమునియప్ప కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆయన చేతులకు మోచేతుల దాకా గంజి ఉంది.

జరిగింది అక్క చెప్పింది. ఐదు గంటలకు ఆమే గుంజలు పాతింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆమె ఎవరి తలుపూ తట్టలేదు. పిల్లలతో పడుగు సాచడం మొదలుపెట్టింది. కొంతసేపటికి పెద్దమునియప్ప బయటికి వచ్చాడు. చూశాడు. వీధి అదిరేట్టు అరిచాడు.

"ఏమ్రా, అందరూ చచ్చినారా? తెల్లారింది తెలీదా?"

"నువ్వే కదప్పా ఇంటాయన లేకుంటే ముట్టొద్దంటివి," అని లోపలి నుంచి నంజప్ప అన్నాడట.

"ఇంటాయన లేకుంటే ఇంటామె నిలబడతాది! నూలు కండెలు చుట్టేది ఎవురు, గంజి కాచేది ఎవురు? నేను వాని కాళ్ళను తిడితిని గాని చేతుల్ని తిట్టలేదే. ఇన్నేండ్లలో మీ ఎవురి పడుగుకైనా వాడు రాని రోజు ఉండాదా? చెప్పండ్రా!"

తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. మా వీధిలో పడుగు తలకాడ ఒక ఆడమనిషి నిలబడడం అదే మొదలు. బావ పట్టే కుంచెను ఆ ముసలాయన తానే పట్టి, చివరి దాకా అటూ ఇటూ నడిచాడు. నడిచినంతసేపూ బావను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్ల వేడికే పడుగు తొందరగా ఆరిందని అక్క ఇప్పటికీ అంటుంది.

ముందురోజు నేను ఆ మనిషిని అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సిగ్గుతో నేను సైకిలు వెనక నిలబడ్డాను.

"ఎన్నో వాడు?" అని అడిగాడు పెద్దమునియప్ప.

"నాలుగో వాణ్ణి."

"ముందర ఎవురు?"

"ఇద్దరు సిపాయిలు, ఒక పోలీసు."

ముసలాయన మోచేతి మీద ఎండిన గంజి గీరుకున్నాడు. "వాళ్ళ పడుగు ఎవురు పట్టినారంట?" అన్నాడు.

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. గోడ పట్టుకుని నిలబడి, ఆ పదమూడు మంది ముఖాలూ వరసగా చూశాడు. అక్క చేతుల మీద ఎండిన గంజిని చూశాడు. ఏడ్చేశాడు. చిన్నపిల్లవాడిలా, దాచుకోకుండా ఏడ్చాడు. మాట వచ్చాక ఒకటే అడిగాడు.

"రేపు ఎవురిదప్పా వంతు?"

"నాది," అన్నాడు పెద్దమునియప్ప. "నువ్వు రావద్దులే. ఆ కాళ్ళతో ఏం వస్తావు."

మరునాడు నేను లేచి తలుపు తీసేసరికి ఇంకా మసక వీడలేదు. వీధిలో పెద్దమునియప్ప ఇంటి ముందు ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, గుంజను ఊతగా పట్టుకుని, కుంచె చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది మా బావే.