బాలవ్వ అన్న మాట

నాచారంలో సూర్యకళ కుట్టుషాపుకు బోర్డు లేదు. పెట్టించాల్సిన అవసరమూ ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు. మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరిగి, ఇస్త్రీ బండి దాటగానే మిషను చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు పట్టుకుని పోతే చాలు. జాకెట్లు, ఫాల్సు, పీకో. కొలతలు తీసుకునేటప్పుడు నాలుగు మాటలు అనడం ఆమెకు అలవాటు. ఒళ్లు పెరిగిందని మొహం మీదే చెప్తుంది. చెప్పించుకున్నవాళ్లు మూతి ముడుచుకుని పోయి, పండక్కి మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు.

ఆమె భర్త ఉమామహేశ్వర్ ఉప్పల్‌లో బస్సుల వర్క్‌షాపులో వెల్డింగు చేసేవాడు. పిల్లలు లేరు. వాళ్లిద్దరే ఒకరికొకరు. డ్యూటీ దిగి సాయంత్రం నేరుగా షాపుకే వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని, “ఇగ బంజెయ్, పోదాం” అని ఆమె ప్రాణం తీసేవాడు. ఇంట్లో అన్నం వండి ఉన్నా ఒక్కడే పెట్టుకుని తినేవాడు కాదు. పెళ్లిళ్లకు పోతే ఆడవాళ్ల గుంపు చుట్టూ తిరుగుతూ ఆమె ఎక్కడుందో చూసుకునేవాడు. కొంగు పట్టుకు తిరిగే మొగుడని చుట్టాలు ఎకసెక్కం చేస్తే సూర్యకళ పైకి విసుక్కునేది. లోపల మాత్రం మహా సంబరంగా ఉండేది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో అతను పోయాడు. అతన్ని దవాఖానాలో చేర్చే నాటికే సూర్యకళ కూడా జ్వరంతో మంచం మీద ఉంది. మరిది జగన్మోహన్ ఒక్కడే ఆ ఒంటినిండా కప్పుకునే ప్లాస్టిక్ బట్టలు వేసుకుని అన్న దగ్గర ఉన్నాడు. దహనం కూడా అతనే చేసి, వచ్చి గేటు బయటే నిలబడి చెప్పాడు. “అన్న చివర్దాకా ఒక్కటే మాటన్నడు వదినె. సూర్యను ఇటు రానియ్యకు, దానికేం గావొద్దు, ఇంటికాడనే ఉండుమను అన్నడు.”

ఈ నాలుగేళ్లు సూర్యకళ ఆ మాట మీదే బతికింది. షాపుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. హబ్సిగూడ సైంటిస్టుల భార్యలు, కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మలు కుట్టించుకున్న జాకెట్లు ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు. “ఎంత ప్రేమండీ మీ ఆయనది” అనేవాళ్లు. పోయినోళ్లందరూ మంచోళ్లే కదా, ఎవరు మాత్రం కాదంటారు. కానీ వాళ్లు వెళ్లిపోయాక, మిషను ఆగాక, ఆ మాట ఆమెకు గొంతులో చేపముల్లులా అడ్డం పడేది. మంచినీళ్లు తాగడానికి కూడా నన్ను కేకేసే మనిషి, పోయేటప్పుడు నన్ను చూడాలనుకోలేదా? ఒక్కసారైనా? ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే ఉన్న ఆ ఒక్క మాట కూడా చేజారిపోతుందని భయం.

అలా ఉండగా తుమ్మలబాయి నుంచి చిన్నమ్మ రాజేశ్వరమ్మ ఫోను చేసింది. తుమ్మలబాయి సూర్యకళ తల్లి పుట్టిన ఊరు. ఘట్‌కేసర్ దాటి, రింగు రోడ్డు కింద నుంచి పోతే వస్తుంది. ఆ ఊరికి ప్లేగు కథ ఒకటి ఉంది. నూరేళ్ల పైమాట. ఇళ్లలో ఎలుకలు రాలి పడ్డాయి, మనుషుల చంకల్లో గడ్డలు లేచాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని దూరంగా చేలల్లో గుడిసెలు వేసుకుంది. పోయేముందు, పోచమ్మ దీపం ఆరిపోతే రోగం వెంటబడి వస్తుందని అందరూ గుంజాటన పడుతుంటే, బాలవ్వ అనే ముండమోసిన మనిషి తలుపు వెనక నుంచి అన్నదట, “దీపం నేను జూసుకుంట, మీరు పోయి రాండ్రి” అని. మూడు నెలలకు వాళ్లు తిరిగొస్తే బాలవ్వ ప్రాణాలతో లేదు, దీపం మాత్రం వెలుగుతోంది. అప్పట్నుంచి ఆమె దేవత. ఊరు తర్వాత కొంచెం ఇవతలికి జరిగి కొత్తగా కట్టుకున్నా, ఏటా మాఘంలో ఒక రోజు అందరూ పాతూరికి పోయి ఆ ఘట్టాన్ని మళ్లీ జరుపుతారు. బాలవ్వ ఇంటి ఆడబిడ్డల్లో భర్త పోయినామె ఒకతె దీపంతో లోపల కూర్చుంటుంది. బయట ఊరంతా మూటలతో నిలబడుతుంది. లోపలి నుంచి “పోయి రాండ్రి” అన్న మాట వస్తేనే ఊరు కదులుతుంది. పొద్దంతా చేలల్లో వండుకు తిని, పొద్దు గుంకే వేళకు వచ్చి తలుపు తీస్తారు.

సూర్యకళ తల్లి, రాజేశ్వరమ్మ ఆ బాలవ్వ ఇంట్లో పుట్టినవాళ్లే. ఏళ్ల తరబడి రాజేశ్వరమ్మే కూర్చుంది. ఇప్పుడు మోకాలి ఆపరేషను అయింది, కింద కూర్చోలేదు. “నువ్వే రావాలె బిడ్డా” అంది.

సూర్యకళకు చెప్పలేనంత ఆనందమైంది. అతను పోయినప్పటి నుంచి ఆమెను ఎవరూ దేనికీ పిలవలేదు. పెళ్లికూతురి జాకెట్టు కుట్టడానికి పనికొచ్చిన చేతులు పసుపు దంచడానికి పనికిరాలేదు. బొట్టు పెట్టే పళ్లెం ఆమె తల మీదుగా పక్కామెకు పోయేది. ఆ బొట్టు లేదనే కారణంతోనే ఒక ఊరు ఊరంతా రమ్మని పిలుస్తోందంటే, ఇంత చిత్రం ఇంకెక్కడ ఉంటుంది? పైగా బాలవ్వ కథ ఆమెకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఈ నాలుగేళ్లలో మరీ ఇష్టమైంది. పొమ్మన్న బాలవ్వ, రావద్దన్న ఉమామహేశ్వర్ ఒక్క కోవ మనుషులని అనుకునేది.

మాఘంలో ఆ రోజు పొద్దున రాజేశ్వరమ్మ ఆమెకు తెల్లచీర కట్టిస్తుంటే, కుట్టుపని మనిషి కదా, ఎక్కడ అతుకు ఉన్నా కంటికి తగులుతుంది, ఊరికే ఉండలేక సూర్యకళ అడిగింది. “సిన్నమ్మా, బాలవ్వ సచ్చిపోయినంక దీపంల నూనె ఎవలు పోసిన్రు?”

అమ్మవారే పోసుకుందని చిన్నమ్మ చెప్పింది. అమ్మవారే పోసుకునేదయితే మరి బాలవ్వ ఉండాల్సిన పనేముందని సూర్యకళ అంది. చిన్నమ్మ ఆమె నోరు మూసి, కులపెద్ద మొగిలయ్య వింటే బాగుండదని గదమాయించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. దేవుడి కథల్లో అయితే వినేవాళ్లే ముందుకొచ్చి లోకువవుతారు, అడిగితే కళ్లు పోతాయని.

పాతూరు అంటే ఇప్పుడు మొండిగోడలు, సర్కారు తుమ్మ చెట్లు. అవతల వెంచర్ వాళ్ల రంగు జెండాలు. ఒక్క బాలవ్వ ఇల్లు మాత్రం గదిలా మళ్లీ మళ్లీ కట్టి నిలబెట్టుకున్నారు. పాత దర్వాజానే ఉంచారు. సూర్యకళ లోపలికి పోయి దీపం ముందు కూర్చుంది. తలుపు మూశారు. తర్వాత బయట గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

ఆమె ఉలిక్కిపడింది. తన ఇష్టంతో ఉండిపోయిన మనిషికి బయట గొళ్లెం ఎందుకు? లేచి తలుపు తడిమి చూసింది. లోపల వైపు గడియ లేదు.

బయట డప్పు ఆగింది. “బాలవ్వా, మేం పోతున్నం” అని మొగిలయ్య గొంతు వినిపించింది. ఆమె అనాల్సిన మాట ఆమెకు నోటికి వచ్చు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే వచ్చు. కానీ అనకుండా ముందుకు వంగి చూసింది. తలుపు సందులోంచి కాళ్లు కనిపిస్తున్నాయి. మూటలు, సద్ది గిన్నెలు, చంకన పిల్లలు, మెడకు తాడు కట్టిన మేక. అందరూ పోయేవాళ్లే. చిత్రమేమిటంటే, ఆ నిమిషంలో ఆమెకు బాలవ్వ గుర్తు రాలేదు. మంచం మీద పడుకుని, మూతికి మాస్కుతో, తలుపు వైపు చూస్తున్న ఉమామహేశ్వర్ కనిపించాడు.

మొగిలయ్య రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగాడు. లోపలి నుంచి సూర్యకళ అంది, “నన్ను గూడ తీస్కపోన్రి.”

బయట ఎవరో ముసలామె చెంపలు వేసుకున్న చప్పుడు వినిపించింది. మొగిలయ్య తలుపు దగ్గరికి వచ్చాడు. కోపం లేదు ఆ గొంతులో, వేడుకోలు ఉంది. “గట్ల అనకు బిడ్డా. నువ్వు పొమ్మంటెనే మా కాళ్లు కదుల్తయి.”

సూర్యకళ కొంచెంసేపు ఏడ్చి, ఆ మాట అనేసింది. డప్పు మొదలైంది. కాళ్లన్నీ వెళ్లిపోయాయి.

పొద్దంతా ఆమె నూనె పోస్తూ కూర్చుంది. బాలవ్వకు గడ్డ లేచి ఉంటుందా, దగ్గరికి పోవడానికి భయపడి ఉంటారా, గొళ్లెం పెట్టిన చెయ్యి ఎవరిది, కొడుకుదా, తమ్ముడిదా? తెలిసేది కాదు. ఒకవేళ నిజంగానే పొమ్మని ఉండొచ్చు కూడా. అలాంటి మనుషులు లోకంలో లేరని కాదు. కానీ ఎవరన్నా కొంచెం ఆగి ఇంకోసారి అడిగి ఉంటే ఏమనేదో!

సాయంత్రం తలుపు తీశాక, అందరూ ఆమె కాళ్లకు మొక్కాక, రాజేశ్వరమ్మను అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది. బాలవ్వ ఆ మాట అనడం నిజంగా ఎవరైనా విన్నారా అని. రాజేశ్వరమ్మ మోకాలు రుద్దుకుంటూ అంది.

“ఇన్నోళ్లెవలో నాకెర్కలేదు బిడ్డా. మేం బతికినం గద, గా బతికినందుకు ఓ మాట గావాలె. లోపట కూసున్నప్పుడల్ల నాకు గూడ తలుపు తీసుకొని ఉరకాల్ననే ఉండె. ఎవలకు జెప్పలె.”

మర్నాడు సూర్యకళ షాపు తెరవలేదు. షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్‌లో దిగింది. చెరువు వైపు సందులో జగన్మోహన్ ఇల్లు. అతను వాకిట్లో స్కూటరు తుడుస్తున్నాడు. అన్న స్కూటరే అది. వదినెను చూసి కుర్చీ వేశాడు, టీ పెట్టమని లోపలికి కేకేశాడు. ఆమె కూర్చోలేదు. అన్న ఆఖరున ఏమన్నాడో మళ్లీ చెప్పమంది. అతను నాలుగేళ్లుగా చెప్పిన మాటే చెప్పాడు, తడుముకోకుండా, ఒక్క అక్షరం తేడా లేకుండా.

“నిన్నటి దినం నేను గూడ తలుపెన్క కూసున్న జగన్,” అంది సూర్యకళ. “బయటున్నోళ్లకు ఏం మాట గావాల్నో నాకెర్కనే. నేనే అన్న గా మాట. నిన్ను నేనేమనను. మీ అన్న ఏమన్నడో గది జెప్పు.”

జగన్మోహన్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. అతను అన్నకంటే పొట్టి, కానీ మొహం అచ్చం అదే. ఆ మొహం నలిగిపోతుంటే చూడడం ఆమెకు కష్టమైంది. అయినా చూపు తిప్పుకోలేదు.

“నువ్వు జరంల ఉంటివి వదినె. జెప్తే లేసి ఉరికొస్తవు. వాళ్లు లోపటికి రానియ్యరు. గేటుకాడ నువ్వు పడిపోతే ఇద్దర్ని నేనేడ ఎత్తుకోవాలె?” అన్నాడు. అక్కడికి ఆగి, మెట్టు మీద కూలబడ్డాడు. “తలుపు సప్పుడైనప్పుడల్ల సూర్య వచ్చిందా అన్నడు. వస్తున్నదని జెప్పిన నేను. నర్సు వచ్చినా అడిగిండు, ఊడ్సేటామె వచ్చినా అడిగిండు. రావొద్దని ఒక్కసారి గూడ అనలె. ఆఖరుకు నా చెయ్యి పట్టుకొని, ‘దాన్ని తీస్కరా రా’ అన్నడు. నేను పోతున్న అన్నా అని బయటికి వచ్చి వరండల నిలవడ్డ. మల్ల పోయేసరికి లేడు.”

లోపలి నుంచి టీ వచ్చింది. ఎవరూ అందుకోలేదు. సూర్యకళ స్కూటరు సీటు పట్టుకుని నిలబడింది. తను పోలేదే అన్న బాధ ఇక చచ్చేదాకా తనతోనే ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. నాలుగేళ్లు మోసిన ముల్లు దీనిముందు ఏపాటిది? అతను చూస్తూ ఉన్నాడు, ఆమె రాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున, ఇన్నాళ్లుగా ఎండిపోయిన చోట, ఇంకొకటి కూడా కదిలింది. నన్ను అడిగాడు. ఊడ్చే ఆమె వచ్చినా నేనే అనుకున్నాడు. పెళ్లి పందిట్లో వెతుక్కున్న మనిషి, ఇగ బంజెయ్ పోదాం అన్న మనిషి, తన మనిషి.

జగన్మోహన్ మోకాళ్లలో తల పెట్టుకుని, తప్పయిపోయింది వదినె, తిట్టు, కొట్టు అంటున్నాడు. ఆమె వచ్చి అతని పక్కన అదే మెట్టు మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఏమన్నడు?” అంది. “మల్లొకసారి జెప్పు.”

అతను చెప్పాడు.

“మల్ల జెప్పు,” అంది సూర్యకళ.