నా బూట్లకు చేసిన రిపేరు

ఆ ఆట మళ్లీ పెద్ద పోటీల్లోకి వస్తోందని నాకు ఫోన్ చేసి చెప్పిన మనిషి, పద్దెనిమిదేళ్ల కింద దాన్ని నా కాళ్ల నుంచి ఊడబెరికిన మనిషే. నిజామాబాద్‌లో స్కేటింగ్ నేర్పే సార్. ఇప్పుడు జిల్లా కమిటీకి పెద్ద.

"బిడ్డా, గుర్తు పట్టినవా?" అన్నాడు.

గుర్తు పట్టకపోవడం నాకు చేతకాని పని. గొంతు కొంచెం బొంగురు పోయింది, అంతే.

"గా నీ ఆట ఉండె చూడు, గట్ల మీద, పైపుల మీద జారేది. అమెరికాల పెద్ద పోటీలల్ల మల్ల పెడుతున్నరంట. ఇన్నేండ్లు తీసేసి పెట్టిండ్రు గదా. ఇగ మన దిక్కు గూడ వస్తది."

"నీ ఆట" అన్నాడు. అప్పట్లో "లేని ఆట" అన్న నోటితోనే.

విషయం ఏమిటంటే, నిజామాబాద్‌లో కొత్తగా కట్టే స్కేటింగ్ గ్రౌండులో ఒక మూల ఈ ఆటకు ఇద్దామనుకుంటున్నారట. ఒక గట్టు, ఒక ఇనుప పైపు, నాలుగు మెట్లు. అర్జీ మీద ఆ ఆట ఆడిన వాళ్ల సంతకం ఒకటి ఉండాలట. జిల్లా అంతా వెతికితే నేనొక్కదాన్నే తేలానట.

"ఒక షరతు సార్," అన్నాను. "ఆ రోజు మా బాపును ఒక మాట అన్నరు. మా ఇంటికొచ్చి, మా బాపు ముందట కూసొని, ఆ మాట వాపస్ తీసుకోండి. అప్పుడు పెడత సంతకం."

"ఏం మాట బిడ్డా?"

అక్కడ నాకు ఒళ్లు మండింది.

నాకు పద్నాలుగేళ్లున్నప్పుడు బాపు దుబాయ్‌లో ఉండేవాడు, అపార్ట్‌మెంట్లు ఊడ్చి తుడిచే పని. బోధన్ పక్కన మా ఊళ్లో ప్రతి మూడో ఇంటి మగవాళ్లు అక్కడే. ఎవరైనా సెలవు మీద వస్తుంటే నాలుగైదు ఇళ్ల సామాను వాళ్ల అట్టపెట్టెలోనే వచ్చేది. అట్లా ఒక పెట్టెలో సబ్బులు, టాంగు షర్బతు పొడి, దుప్పటి, వాటి కింద నా బూట్లు వచ్చాయి. నల్లటి మోటు బూట్లు, కింద చక్రాలు. బిడ్డ కోసం కొన్నానని ఫోన్‌లో చెప్పాడు బాపు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే వాటిని చూసి, "గివేసుకుంటే కాళ్లిరుగుతయే" అని మళ్లీ ఆకు కత్తిరించుకుంది.

ఆ బూట్లకు ముందొక చక్రం, వెనకొక చక్రం. నడుమ రెండు ఉండాల్సిన చోట సందు. ఆ సందులో నున్నటి ప్లాస్టిక్ దిమ్మె. ఎందుకో నాకూ తెలియదు. బోధన్‌లో నెట్ సెంటర్‌కు పోయి, పది నిమిషాలకోసారి ఆగిపోయే వీడియోల్లో చూసి తెలుసుకున్నాను. ఆ సందు లోపం కాదు. గట్టు అంచు మీదికి ఎగిరి, ఆ సందును అంచుకు తగిలించి అడ్డంగా జారాలి. చక్రాలతో ఉరికే ఆట వేరు. ఇది చక్రాలను వదిలేసి జారే ఆట.

మా ఊరి బయట చెరుకు కాంటా ఉండేది. చెరుకు బండ్లను తూకం వేసే చోటు. ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీ మా వైపు చెరుకు తీసుకోలేదు, జనం వరి వేసుకున్నారు, కాంటా గది తాళం తుప్పు పట్టింది. పక్కనే బండ్లు మలుపుకునే చోట మోకాలెత్తు సిమెంటు గట్టు, దాని అంచుకు ఇనుప పట్టీ. ఇంట్లో కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి ఎత్తుకుపోయి, నున్నగా జారాలని ఆ పట్టీకి రుద్దేదాన్ని. మొదటి నెలంతా పడ్డాను. మోచిప్పలు పగిలాయి. అటుగా బర్రెలు తోలుకుపోయే ముసలాయన రోజూ ఆగి, "ఇయ్యాల గూడ పడ్డవా పిల్లా?" అని అడిగి మరీ పోయేవాడు. మూడో నెలలో గట్టు ఈ కొన నుంచి ఆ కొన దాకా జారాను. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందంటే, చెరుకు గడను పళ్లతో చీరినట్టు ఉంటుంది. ఆ రోజు ముసలాయన రాలేదు. చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఏడు నెలలు ఆడాను. అప్పుడు బాపు సెలవు మీద వచ్చాడు. చూపిద్దామనుకున్నాను. మొదటి వారమంతా చుట్టాల ఇళ్లు తిరగడానికే సరిపోయింది. ఆదివారం, "నిజామాబాద్‌ల స్కేటింగ్ నేర్పుతరంట, పోదాం పా" అని తనే బస్సెక్కించాడు. ఎడపల్లి దాటేదాకా బూట్ల సంచి తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

గ్రౌండు గేటు దగ్గర బాపు సార్‌తో ఏదో మాట్లాడాడు. నేను లోపలికి పోయి బూట్లు కట్టుకుంటున్నాను. సార్ వచ్చాడు. నా కాలు పట్టి బూటు పైకెత్తి, అక్కడున్న ఇరవై మంది పిల్లలకు చూపించాడు. టౌను పిల్లలు, తెల్ల బూట్లు, మోకాళ్లకు ప్యాడ్లు.

"చూసిండ్రా? చెత్తకుండిలకెల్లి ఏరుకొచ్చిన బూట్లకు చక్రాలు గిట్లనే ఉంటయ్. సగం!"

అందరూ నవ్వారు. బాపు గేటు బయట చాయ్ తాగుతున్నాడు. వినలేదు. వినలేదనే ఇన్నేళ్లూ నమ్మాను, విననందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

సార్, ఇవి గట్టు మీద జారే బూట్లు, ఇవి ఇట్లనే ఉండాలె అని చెప్పాను. "గట్ల మీద జారే ఆట ఏడుంది? పెద్ద పోటీలల్లకెల్లే తీసేసిండ్రు. లేని ఆట అది" అన్నాడు. బూట్లు ఇచ్చిపొమ్మన్నాడు, చూస్తానన్నాడు. మరుసటి ఆదివారం పోయేసరికి నాలుగు చక్రాలు వరసగా బిగించి ఉన్నాయి. నడుమ దిమ్మెను ఆక్సా బ్లేడుతో కోసి పారేశారు. కోసిన చోట ప్లాస్టిక్ పొక్కులు పొక్కులుగా ఉంది.

"రిపేర్ అయింది. ఉరుకు ఇగ" అన్నాడు సార్.

నేను ఉరకలేదు. ట్రాక్ నడుమ కూర్చున్నాను. ఈల వేశాడు, అరిచాడు, నా చుట్టూ పిల్లలు గుండ్రంగా ఉరికారు. నేను లేవలేదు. చేరిన రోజే రాసుకున్న నా పేరును జిల్లా పోటీల జాబితాలోంచి కొట్టేశాడు. బాపు సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. సందు లేని ఆ బూట్లతో కాంటా గట్టు ఎక్కితే చక్రాలు పట్టీకి తగిలి ముందుకు బోర్లా పడేదాన్ని. కొన్నాళ్లకు కాంటాను కూడా కూల్చి, ఆ ఇనుప పట్టీని తుక్కు కింద అమ్మేశారు.

తర్వాత నేను చేసిందల్లా ఫిర్యాదులే. ఇప్పుడు నా బతుకుతెరువు కూడా అదే. బోధన్‌లో ఆఫీసుల ముందు జిరాక్స్ షాపులో జనానికి దరఖాస్తులు టైపు చేసి పెడతాను. పట్టా రాలేదని, పింఛను ఆగిందని, పక్కింటివాడు గోడ జరిపాడని ఊరందరి గోడూ నా వేళ్ల మీదుగానే పోతుంది. మధ్య మధ్యలో నాదీ ఒకటి టైపు చేసేదాన్ని. సోమవారం అర్జీలు తీసుకునే రోజున నిజామాబాద్ కలెక్టరాఫీసుకు పోయి ఇచ్చేదాన్ని. వీధి స్కేటింగ్‌కు జిల్లా పోటీల్లో చోటివ్వాలని, నా పేరు అన్యాయంగా కొట్టేశారని. ప్రతిసారీ ఒకటే జవాబు. పెద్ద పోటీల్లోనే లేని ఆటకు ఇక్కడ వీలు కాదు. చివరికి అక్కడి బంట్రోతు నన్ను చూస్తే, "అక్కా, చక్రాల కాయిదమేనా?" అనేవాడు. అది కూడా మరచిపోలేదు.

ఫోన్‌లో అడిగినట్టే సార్ మంగళవారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. డజను అరటిపండ్లు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. మోకాలికి పట్టీ, గడప దాటడానికి తలుపు పట్టుకున్నాడు. బాపు ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు, పొద్దున రెండెకరాల వరి చూసుకొని వస్తాడు. "రండ్రి సార్, రండ్రి" అని కుర్చీ తుడిచాడు. అవ్వ చాయ్ పెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈ పొద్దు కోసం ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో.

"ఆ రోజు ఇరవై మంది ముందర మీరొక మాట అన్నరు సార్. చెత్తకుండిలకెల్లి ఏరుకొచ్చిన బూట్లని. మా బాపు కష్టం చేసి కొన్న బూట్లు అవి."

సార్ నిజంగా ఆలోచించాడు. నటించి ఉంటే నాకు తెలిసేది.

"నేనన్ననా? గట్లెందుకంట బిడ్డా? నాకైతే గుర్తు లేదు."

బాపు గొంతులో చాయ్ అడ్డం పడింది. దగ్గి, కప్పు కింద పెట్టాడు.

"సార్ ఉత్తగ ఎందుకంటడే? నేనే చెప్పిన సార్‌కు. గేటు కాడ."

"ఏం చెప్పినవ్?"

"చెత్తల దొరికినయ్ అని. నేనూడ్సే బిల్డింగుల ఎవలో పారేసిండ్రు. కొత్తగనే ఉండె. తుడిసి పెట్టిన. కొన్న అంటే నువ్వు కుషీ అయితవని అట్ల చెప్పిన."

ఇల్లంతా ఒక్కసారి ఇరుకైనట్టు అనిపించింది. బాపు ఇంకా ఆగలేదు. ఆగితే బాగుండేది.

"రెండు సక్రాలు లేని బూట్లు బిడ్డకు పెట్టిన్నని నలుగురు నవ్వుతరు గదా. అందుకే సార్‌ను బతిమిలాడిన. కొత్త సక్రాలు ఏపియ్యిండ్రి, పైసలు నేనిస్త అని. సార్ పాపం పైసలు గూడ తీస్కోలే."

"ఔ, ఔ!" సార్ మొహం వెలిగింది. "గదీ సంగతి! మీరే కదా ఆ బూట్లను ఆక్సా బ్లేడు షాపుకు తీస్కపోయింది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. పాత దోస్తుల్లాగా. నేను ఎవరి తరఫున ఇన్నేళ్లు కొట్లాడానో ఆ మనిషి, ఎవరి మీద కొట్లాడానో ఆ మనిషి, మా ఇంట్లో ఒకే మంచం పక్కన కూర్చొని, ఒకే గిన్నెలో కాచిన చాయ్ తాగుతూ నవ్వుకున్నారు.

సార్ ఫోన్ తీసి బాపుకు వీడియో చూపించాడు. ఆట మళ్లీ వస్తోందన్న వార్తతో పాటు వచ్చిన వీడియో. ఎవరో ఆడపిల్ల మెట్ల పక్క పైపు మీదికి ఎగిరి, అడ్డంగా జారి, కింద దిగింది. బాపు ఫోన్ దగ్గరికి పెట్టుకొని మళ్లీ వేయమన్నాడు. మూడోసారి చూశాక నవ్వు ఆపేశాడు.

"గా సందు గందుకా?" అన్నాడు.



"నువ్వు గిట్ల జారినవా బిడ్డా?"

"జారిన."

"మరి నాకు సూపియ్యలేదేం?"

చుట్టాల ఇళ్లు తిరుగుతున్నవ్ గదా అనాలనుకున్నాను. అనలేదు. బాపు మీద ఫిర్యాదు రాసుకోవడానికి నా దగ్గర అంతవరకు ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. కానీ ఆ ముఖం చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

సార్ ఫైలు తీశాడు. సంతకం చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంది. పైన ఒక గడి. ఈ ఆటలో అనుభవం ఎన్నేళ్లు అని.

"పదేండ్లు రాయి" అన్నాడు సార్.

ఏడు నెలలు అని రాశాను.

"ఏడు నెలలంటే ఎవడు ఒప్పుకుంటడు బిడ్డా! కమిటీ ఎత్తి పారేస్తది."

"నేను ఆడింది ఏడు నెలలే సార్. పదేండ్లు ఆడనిచ్చినోళ్లెవరు?"

"మల్ల గదే మాట. మొండికేస్తే నీ ఆటకే నష్టం."

"దాని నోట్ల అబద్ధం రాదు సార్," అన్నాడు బాపు, నేలకేసి చూస్తూ. "నా తీరు కాదది."

సంతకం పెట్టి ఇచ్చాను. సార్ ఆ మాట వాపస్ తీసుకోలేదు, తీసుకోవడానికి అది ఆయన మాట కూడా కాకుండా పోయింది. అయినా ఇరవై మంది ముందు నా కాలు పట్టి పైకెత్తింది మాత్రం ఆయనే. దాన్ని బాపు చేయలేదు. ఆ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకున్నాను.

వారం తర్వాత సార్ ఫోన్. ఏడు నెలలు ఒప్పుకోలేదట. "ఏం చేస్తం, నాకు ముప్పయ్యేండ్ల అనుభవం ఉంది గదా, నేనే పెట్టిన సంతకం." ఆయన తన బతుకులో ఒక్కసారి కూడా ఒక్క గట్టు మీద జారలేదు.

మళ్లీ సోమవారం నేను నిజామాబాద్ బస్సెక్కాను. సంతకం మీద ఫిర్యాదు చేద్దామనే పోయాను. కాగితం టైపు చేసి సంచిలో ఉంది. ఆఫీసులో గోడకు గ్రౌండు నక్షా అంటించి ఉంటే నిలబడి చూశాను. గట్టుకు అంచున గుండ్రటి పాలరాయి. పైపు ఛాతీ ఎత్తున, నడుమ నడుమ కమ్మీలు, బ్యాంకుల్లో లైను కట్టేచోట ఉన్నట్టు. దాని మీద చీమ కూడా జారలేదు. సంతకం మీద కొట్లాడితే ఆటకిచ్చే ఆ మూలే మొత్తం పోతుంది. ఊరుకుంటే పాలరాయి వస్తుంది. సంచిలో కాగితం సంచిలోనే ఉంచి, ఎదురు షాపులో కూర్చొని కొత్తది రాశాను. అంచుకు ఇనుప పట్టీ వేయాలి, పైపు మోకాలెత్తు దాటొద్దు, నడుమ కమ్మీలు ఉండొద్దు, రంగు పూయొద్దు.

"అక్కా, మల్ల చక్రాలేనా?" అన్నాడు బంట్రోతు. తలంతా నెరిసింది వాడికి.

రశీదు చేతికిస్తూ, నిపుణుడి అభిప్రాయం కోసం పంపుతామన్నారు. నిపుణుడంటే ఎవరో అడగలేదు. ఆ ఫైలులో ఆయన నిపుణుడు, నేను ఫిర్యాదుదారు. నా పేరు ఆ ఫైలులోకి పోవడానికి మిగిలిన దారి అదొక్కటే.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది.

"బిడ్డా, నీ కాయిదం నా దగ్గర్కే వచ్చింది. గీ ఇనుప పట్టీ ఎన్ని ఇంచులు ఉండాలె?"

షాపులో నా ముందు నలుగురు లైన్లో ఉన్నారు. ఫోన్ పెట్టేయొచ్చు. పాలరాయి వేసుకొమ్మని అనొచ్చు.

"రెండించులు. రాసుకోండి సార్."

"పెన్ను ఏడనో పెట్టిన."

"వెతకండి," అన్నాను. "నేను లైన్లనే ఉంట."